ఎవరి నుండి విన్నావు?

మా మద్రసాకు సాయంత్రపు వేళ ఖుర్ఆన్ పారాయణం నేర్చుకోవడానికి వచ్చే పిల్లలలో తొమ్మిదవ తరగతి బాలుడు ఒకడున్నాడు. పగలు తెలుగు మాధ్యమంలో నడిచే ఉన్నత పాఠశాలలో చదువుకుంటాడు. గడచిన సంవత్సరం ఒకనాడు మగ్రిబ్ నమాజు తరువాత తోటి పిల్లలందరూ వెళ్లిపోయినా అతడు మాత్రం చాప అంచున కూర్చుండిపోయాడు. చేతిలో మూడు కాగితాలున్నాయి. "ఉస్తాద్, రేపు బడిలో ఇవ్వాలి. అక్షరదోషాలుంటే దిద్దిపెట్టండి" అన్నాడు. మా తెలుగు మీద మాకు లేని నమ్మకం ఆ పిల్లలకు ఉన్నది. కాదనలేక తీసుకున్నాము.

అవి ఒక అనుభవ నివేదిక. పాఠశాలలో చరిత్ర బోధించే టీచరు గారు పిల్లలకు ఒక పని అప్పగించారట. తమ ఊరి చరిత్రలోని ఒక సంఘటనను ఎంచుకుని, పెద్దలను అడిగి, పుస్తకాలు చూసి, పదిహేను నిమిషాల పాడ్‌కాస్ట్ తయారు చేయాలి. పాడ్‌కాస్ట్ అనగా రేడియో ప్రసంగం వంటిదే. సెల్ ఫోనులో రికార్డు చేసి, ఎవరికి వీలైనప్పుడు వారు వినేలా ఉంచుతారు. ఆ తరువాత ఆ పని చేసేటప్పుడు ఏమి నేర్చుకున్నారో వ్రాసి ఇవ్వాలి. మా విద్యార్థి ఎంచుకున్న సంఘటన 1908 నాటి మూసీ వరద.

దోషాలు దిద్దడానికి కలం పట్టిన మేము మొదటి పేజీ చివరికి వచ్చేసరికి కలం క్రింద పెట్టాము. అక్కడ అతడు ఇలా వ్రాసుకున్నాడు: "రికార్డు చేయకముందు నేను కథ చెప్పబోతున్నానని అనుకున్నాను. చేసిన తరువాత నేను ఒక రావీనని తెలిసింది."

రావీ అనగా ఉల్లేఖకుడు, విన్నదానిని ఇతరులకు అందించేవాడు. హదీసు శాస్త్రంలో ఆ పదానికున్న బరువు ఈ పత్రిక పాఠకులకు మేము చెప్పనవసరం లేదు. ముప్పై సంవత్సరాలుగా ఆ శాస్త్రాన్ని ఎంతోమంది విద్యార్థులకు బోధించాము. పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్నవారూ ఉన్నారు. అయితే ఆ పదం తనకు కూడా వర్తిస్తుందని మాకు వ్రాసి చూపినవాడు ఇతడొక్కడే.

ఆ బాలుని నాయనమ్మ వయస్సు ఎనభై నాలుగేళ్లు. వారి పూర్వీకులది నల్లగొండ ప్రాంతమైనా ఆమె తల్లి తరఫు వారిది హైదరాబాదు నగరమే. అఫ్జల్‌గంజ్ దగ్గర ఇల్లు. ఆమె అమ్మమ్మ, అనగా ఆమె నానీ, వరద వచ్చిన నాటికి తొమ్మిది పదేళ్ల పిల్ల. చింతచెట్టు ఎక్కి ప్రాణం దక్కించుకున్నవారిలో ఆమె కూడా ఉన్నదని ఆ ఇంట చెప్పుకుంటారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికీ నిలిచి ఉన్న చింతచెట్టు అదే. ఆనాడు సుమారు 150 మంది దాని కొమ్మలను పట్టుకుని బ్రతికారని ప్రసిద్ధి.

దాదీ చెప్పినది దక్కనీలో. బాలుడు చేస్తున్నది తెలుగులో. ఆమె మాటను కొంత వినిపించి, వెంటనే తెలుగులో చెప్పాలని అతడి ఆలోచన. మొదటి చిక్కు మొదటి పదంతోనే వచ్చింది. ఆమె 'వరద' అనలేదు, 'సైలాబ్' అని కూడా అనలేదు. 'తుగ్యానీ' అన్నది. హైదరాబాదు పాత ఇళ్లలో ఆ వరదకు అదే పేరు. నీరు నిండి పొర్లడం మాత్రమే కాదు, హద్దు మీరడం, తిరగబడడం అనే అర్థం ఆ మాటలో ఉన్నది. దివ్య ఖుర్ఆన్‌లోని హాఖ్ఖా సూరాలో నూహ్ (అలై) కాలం నాటి జలప్రళయాన్ని ప్రస్తావించిన చోట వచ్చేది కూడా ఆ ధాతువే. ఇది మేము చెప్పినప్పుడు బాలుని కళ్లు మెరిశాయి. తెలుగులో ఆ మాటను మార్చకుండా అలాగే ఉంచాడు. మంచి పని చేశాడు.

రికార్డింగు ఎలా జరిగిందో కూడా నివేదికలో ఉన్నది. ఇంట్లో ఉన్నవి రెండే గదులు. పంకా చప్పుడు, వీధిలో బండ్ల చప్పుడు, గోడల ప్రతిధ్వని. చివరికి నాయనమ్మ, మనుమడు ఇద్దరూ ఒకే రజాయి కప్పుకుని, మధ్యలో ఫోను పెట్టుకుని కూర్చున్నారట. అజాన్ వినిపించగానే ఆమె మాట ఆపేది. అజాన్ ముగిసి, జవాబు చెప్పుకుని, మళ్లీ మొదలుపెట్టేసరికి ఎక్కడ ఆపిందో మరచిపోయేది. ఉక్కపోతకు ఆమెకు దగ్గు వచ్చేది. మూడు రోజుల్లో గంటకు పైగా రికార్డు అయినది, అందులో సగం దగ్గూ దుఆలూను.

పరీక్షకు నిలిచిన మాటలు

దాదీ చెప్పిన వృత్తాంతంలో ఒక మాట ఉన్నది. నీళ్లు వచ్చినప్పుడు ఇంటివారు సహరీకి లేచి ఉన్నారని, పొయ్యి మీద ఉన్నది పొయ్యి మీదనే ఉండిపోయిందని. బాలునికి అనుమానం కలిగింది. వరద వచ్చినది 1908 సెప్టెంబరు 28న. ఇప్పుడు రమజాన్ వేసవి ముందర వస్తున్నది కదా, సెప్టెంబరులో సహరీ ఏమిటి? ఆమె మరేదో జ్ఞాపకాన్ని దీనితో కలిపివేసిందేమో! ఆ భాగాన్ని తీసివేద్దామనుకున్నాడు. అయితే తీసివేసే ముందు మా వద్దకు వచ్చి అడిగాడు.

హిజ్రీ సంవత్సరం సూర్యమాన సంవత్సరం కన్నా దాదాపు పదకొండు రోజులు చిన్నది; ముప్పై మూడేళ్లలో రమజాన్ అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. ఇద్దరమూ కూర్చుని లెక్క వేశాము. హిజ్రీ 1326వ సంవత్సరం రమజాన్ మాసం సరిగ్గా ఆ సెప్టెంబరు చివరి రోజుల్లోనే ఆరంభమైనది. వరద నాటికి ఒకటో రెండో ఉపవాసాలు. చదువు రాని ఒక వృద్ధురాలి నోట, ఆమెకు తన అమ్మమ్మ నుండి చేరిన 'సహరీ' అన్న ఒక్క మాట శతాబ్దం దాటి వచ్చి క్యాలెండరుతో సరిపోలింది. ఆ క్షణాన మా ఒళ్లు జలదరించినదన్న సంగతి దాచుకోము.

పదేళ్ల పిల్ల చెప్పిన మాటను నమ్మవచ్చునా అని కూడా అతడు అడిగాడు. హజ్రత్ మహమూద్ బిన్ రబీ (రజి) తమ ఐదేళ్ల వయస్సులో దైవప్రవక్త (స) బొక్కెనలోని నీటిని పుక్కిట పట్టి తమ ముఖంపై చిలకరించిన సంగతిని గుర్తుంచుకుని, పెద్దయిన తరువాత ఉల్లేఖించారు. ఇమామ్ బుఖారీ (రహ్మ) దానిని తమ గ్రంథంలో చేర్చారు. బాల్యంలో చూసినదానిని పెద్దవారై చెబితే స్వీకరించవచ్చునన్నదానికి మన పండితులు చూపే ఆధారాలలో అది ఒకటి. ఇది చెప్పగానే మా విద్యార్థి మహా సంబరపడి, దానిని కూడా పాడ్‌కాస్టులో పెడతానన్నాడు. వద్దన్నాము. ప్రతిదీ ప్రతిచోటా పెట్టకూడదు.

మరొక మాట మాత్రం లెక్కకు నిలవలేదు. ఉస్మానియా ఆసుపత్రివారు చెట్టుమీద ఉన్నవారికి మోకులు విసిరారని దాదీ అన్నది. కానీ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సింహాసనమెక్కినదే 1911లో. ఆయన పేరుతో వెలసిన ఆసుపత్రి వరద నాటికి ఎక్కడిది? ఆ చోట అప్పుడున్నది అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి. అది ఆ వరదలోనే ధ్వంసమైపోయింది. బాలుడు బిక్కమొగం వేశాడు. "దాదీ అబద్ధం చెప్పిందా ఉస్తాద్?"

హదీసు శాస్త్రవేత్తలు 'కిజ్బ్' అనే మాటను, 'వహ్మ్' అనే మాటను వేరువేరుగా ఉంచారు. మొదటిది అబద్ధం, రెండవది పొరపాటు. పొరపాటు పడినవానిని అబద్ధీకుడని వారు అనలేదు; అతడు ఎక్కడ పొరపడ్డాడో అక్కడ గుర్తు పెట్టి, మిగిలినది తీసుకున్నారు. మనమందరమూ ఒక స్థలాన్ని నేటి పేరుతోనే పిలుస్తాము. అరవై ఏళ్లుగా ఆ చోటును ఉస్మానియా అని వింటున్న మనిషి నోట మరొక పేరు ఎలా వస్తుంది? పేరు మారినది గనుక మోకుల సంగతి కూడా అబద్ధమని తేల్చడం అన్యాయం. పేరును దిద్దాము గనుక మోకుల సంగతి ఋజువైనదని చెప్పడం కూడా అన్యాయమే. బాలుడు చివరకు ఇలా పలికాడు: "ఇది మా దాదీ మాట. ఆమె ఉస్మానియా అన్నది, కానీ ఆనాడు ఆ చోట ఉన్నది అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి. మోకుల గురించి నాకు వేరే సాక్ష్యం దొరకలేదు." మూడే వాక్యాలు. మా తరగతిలో వహ్మ్ పాఠానికి మేము రెండు రోజులు తీసుకుంటాము.

సంఖ్యల విషయానికి వస్తే, మృతులు 15,000 అని సాధారణంగా చెబుతారు. అది సరే. అతనికి అనుమానం 80,000 దగ్గర వచ్చింది. ఒకచోట 80,000 ఇళ్లు కూలిపోయాయని ఉన్నది. మరొకచోట 80,000 మంది నిరాశ్రయులయ్యారని, కూలినవి 19,000 ఇళ్లని ఉన్నది. ఏది వ్రాయాలి? మాకు ఇబ్నె ఖల్దూన్ (రహ్మ) జ్ఞాపకం వచ్చారు. ఆయన 1377లో రచించిన ముఖద్దిమాలో, చరిత్రకారులు సైన్యాల సంఖ్యను, ధనరాశుల సంఖ్యను తూచకుండా వ్రాసివేస్తారని తీవ్రంగా మందలించారు. మూసా (అలై) వెంట ఎడారిలో ఆరు లక్షలమంది యోధులు ఉన్నారన్న మాటను తీసుకుని, అంత సైన్యం ఆ నేలపై నిలవగలదా, బారులు తీరి పోరాడగలదా అని ప్రశ్నించారు. మేము బాలునితో అదే అన్నాము: "నగరం పట్టేంత సంఖ్యయేనా చూడు." 1901 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు నగరంలో ఉన్నవారు సుమారు నాలుగున్నర లక్షలు. ఇంటికి ఐదారుగురు చొప్పున చూసుకుంటే 80,000 ఇళ్లంటే మొత్తం నగరమే. నగరమంతా కూలిపోలేదు కదా! అది ఇళ్ల సంఖ్య కాజాలదు, మనుషులదై ఉండాలి. ఎవరో ఒకరు వ్రాసేటప్పుడు మాట జారిపోగా తరువాతివారు చూసుకోకుండా ఎత్తి వ్రాసుకున్నారు.

మాకు తగిలిన దెబ్బ

ఇంతవరకు మేము గురువులము. ఇక్కడ మాత్రం శిష్యులమయ్యాము.

ఆ వరద గురించి నగరంలో ఒక కథ విస్తృతంగా ప్రచారంలో ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పండితుల సలహా మేరకు మూసీ ఒడ్డుకు వచ్చి నదికి పూజ చేసి, చీర, ముత్యాలు సమర్పించగా నీరు తగ్గిందని. బాలుడు దానిని తన ప్రసంగంలో వ్రాసుకుని వచ్చాడు. మేము చూడగానే "ఇది తీసివేయి" అన్నాము. మద్రసా పిల్లవాడు ఇటువంటిది చెబితే ఇంటివారు ఏమనుకుంటారు, జమాఅతులో ఏమనుకుంటారు అన్నది మా మనస్సులోని మాట. నోటితో చెప్పినది మాత్రం "దీనికి సనద్ లేదు" అని.

అతడు వినయంగానే అన్నాడు: "సరే ఉస్తాద్. అయితే చెట్టు మీద 150 మంది అన్నదానికి కూడా సనద్ దొరకలేదు. దానిని మీరు తీసివేయమనలేదు."

మేము ఏదో చెప్పబోయాము. అతడు ఇంకొకటి అడిగాడు. "ఇమామ్ బుఖారీ (రహ్మ) గారు ఒక రావీని కలవడానికి చాలా దూరం వెళ్లి, అతడు ఖాళీ కొంగు చూపి గుర్రాన్ని మోసగించి పిలవడం చూసి, హదీసు తీసుకోకుండానే తిరిగి వచ్చారని మీరు మాకు చెప్పారు. అది ఏ గ్రంథంలో ఉంది ఉస్తాద్? పాడ్‌కాస్ట్ మొదట్లో చెబుదామనుకుంటున్నాను."

ఇరవై ఏళ్లకు పైగా మేము ఆ కథను ప్రతి కొత్త తరగతికీ చెబుతూ వచ్చాము. మా ఉస్తాద్ మాకు చెప్పారు. ఆ రాత్రి మా వద్ద ఉన్న గ్రంథాలన్నీ తిరగవేశాము. దానిని సనద్‌తో చూపలేకపోయాము. విన్నదంతా చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధీకుడు కావడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసును ఏ పాఠంలో బోధిస్తామో, అదే పాఠం మొదట్లో ఆధారం చూడని కథను అలంకారంగా వాడుతూ వచ్చాము. మరునాడు తరగతిలో అందరి ఎదుట ఆ సంగతి చెప్పాము. పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. ఇప్పుడు దాని బదులు హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒకే ఒక్క హదీసు కోసం నెల రోజులు ప్రయాణించి సిరియాలో ఉన్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి) వద్దకు వెళ్లిన సంఘటన చెబుతున్నాము. అది ఇమామ్ బుఖారీ గ్రంథంలోనే ప్రస్తావించబడి ఉన్నది.

సనద్ లేకుంటే ఎవరికి తోచినది వారు చెప్పేవారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మ) అన్నారు. ఆ మాటను ఇతరుల కథల మీద ప్రయోగించడం తేలిక. మనకు నచ్చిన కథ మీద ప్రయోగించినప్పుడే దాని పదును తెలుస్తుంది.

నిజాం కథ విషయంలో ఇమామ్ తబరీ (రహ్మ) పద్ధతి మాకు దారి చూపింది. ఆయన తమ చరిత్ర గ్రంథం ముందుమాటలోనే, తమకు చేరినవాటిని చేరవేసినవారి పేర్లతో సహా వ్రాస్తున్నామని, వాటిలో విడ్డూరంగా తోచేవి ఉంటే అవి ఉల్లేఖకుల నుండి వచ్చినవే తప్ప తాము కల్పించినవి కావని చెప్పుకున్నారు. ధర్మాదేశాలను నిర్ణయించే హదీసులకు పెట్టే గీటురాయి వేరు, చరిత్ర వృత్తాంతాలకు మన పెద్దలు ఇచ్చిన వెసులుబాటు వేరు. చెప్పవచ్చు, కానీ ఎవరు చెప్పారో చెప్పాలి. బాలుడు "నగరంలో ఇలా చెప్పుకుంటారు, కళ్లారా చూసినవారి మాట నాకు దొరకలేదు" అన్న రెండు వాక్యాల మధ్య ఆ కథను ఉంచాడు. ఆ ప్రభువు నిరాశ్రయుల కొరకు రాజభవనాల ద్వారాలు తెరిపించాడన్నది మాత్రం నిస్సంకోచంగా చెప్పాడు. నీరు తగ్గిన తరువాతి సంగతులకు పుస్తకాల సాక్ష్యం పుష్కలం గనుక అతడు వాటిని ఒక నిమిషంలో ముగించాడు: 1909లో విశ్వేశ్వరయ్య గారిని పిలిపించడం, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలో పోగొట్టుకుని తానొక్కడు మిగిలిన సంగతి చెప్పేచోట మాత్రం బాలుని గొంతు కొంచెం ఆగింది. దానిని అతడు కత్తిరించలేదు.

కత్తిరింపు అన్నాము గనుక ఒక మాట. దాదీ వేరువేరు రోజుల్లో ఇచ్చిన రెండు జవాబులను అతడు మొదట ఒకదాని ప్రక్కన ఒకటి అతికించాడట. అతుకు వినబడనే లేదు. మధ్యలో తాను అడిగిన ప్రశ్న తొలగిపోవడంతో ఆమె చెప్పని అర్థం ఒకటి పుట్టుకొచ్చింది. మధ్యలోని రావీని దాటవేసి, పైవాని నుండి తానే విన్నట్లు ధ్వనించేలా చెప్పడాన్ని మేము 'తద్లీస్' అని బోధిస్తాము. వేళ్లతో కూడా తద్లీస్ చేయవచ్చునని ఈ పిల్లవాని వలన తెలిసింది. అతడు ప్రశ్నను తిరిగి అతికించాడు. ఎక్కడి నుండో తెచ్చిన ఉరుముల శబ్దాన్ని, ఏడుపులను కూడా తీసివేసి, తమ రేకుల మీద పడిన వాన చప్పుడును వాడుకుని, అది ఇప్పటి వాన అని చెప్పాడు.

తీసివేసిన రెండు నిమిషాలు

ఇక నివేదికలోని మూడవ పేజీ. అందులో వ్రాసినది తక్కువ, వ్రాయనిది ఎక్కువ.

రెండవ రోజు రికార్డింగులో దాదీ చాలాసేపు మౌనంగా ఉండి, తన నానీ గురించి ఒక సంగతి చెప్పింది. అది ఏమిటో మేము అడగలేదు, అతడు చెప్పలేదు. చెప్పడానికి ముందు ఆమె రజాయి అంచు ఎత్తి గదిలో ఎవరైనా ఉన్నారేమో చూసిందని మాత్రమే వ్రాశాడు. ఆ రాత్రి భోజనాల తరువాత ఆమె అతనిని పిలిచి, "బేటా, ఆ మాట తీసెయ్. అది మా నానీ నాకు చెప్పుకున్నది, లోకానికి కాదు" అన్నది.

బాలుడు ఒప్పుకోలేదు. ఆ రెండు నిమిషాలే మొత్తం పాడ్‌కాస్టుకు ప్రాణమని అతడి వాదన. వేరే ఏ పుస్తకంలోనూ లేనిది అది. పైగా అది తీసివేస్తే నిడివి పదిహేను నిమిషాలకు చేరదు, మార్కులు తగ్గుతాయి. నానీ చనిపోయి అరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు ఎవరికి కష్టం? మూడు రోజులు ఇంట్లో నాయనమ్మ, మనుమడు సరిగా మాట్లాడుకోలేదు. ఆమె అన్నం దగ్గర అతనిని పిలవడం మానివేసింది. ఎనభై నాలుగేళ్ల మనిషి, పద్నాలుగేళ్ల పిల్లవాడు!

చివరకు అతడు మా వద్దకు వచ్చాడు. ఒక మనిషి ఏదైనా చెప్పి అటూ ఇటూ చూసినట్లయితే ఆ మాట అమానతు అవుతుందని దైవప్రవక్త (స) సెలవిచ్చిన హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్నది. అది చెప్పాము. అతడు తల వంచుకుని విన్నాడు. "ఆమె ముందుగానే చూసింది ఉస్తాద్, చెప్పిన తరువాత కాదు" అన్నాడు. తొమ్మిదవ తరగతిలోనే ఫిఖ్హ్ వాదన! నవ్వు వచ్చింది. కానీ అతని కళ్లలో నీళ్లున్నాయి.

ఇక్కడ మా సంగతి కూడా ఒప్పుకోవలసి ఉన్నది. చరిత్ర మీద మక్కువ ఉన్నవారము. నూరేళ్ల వెనుకటి ఒక సాక్ష్యం, ఇక మరెవరి నోటా రాని సాక్ష్యం, ఒక ఫోనులో ఉన్నది. "పాడ్‌కాస్టులో పెట్టకు, కానీ దాచి ఉంచు" అన్న మాట మా నాలుక చివరి దాకా వచ్చింది. అలా చెప్పి ఉంటే అతడు సంతోషంగా ఒప్పుకునేవాడే. కానీ ఆమె 'తీసెయ్' అన్నది, 'దాచెయ్' అనలేదు. మేము మౌనంగా ఉండిపోయాము. అతడే లేచి వెళ్లాడు.

మరునాడు దాదీ ప్రక్కన కూర్చుని, ఆమెకు వినిపించి, ఇదేనా అని అడిగి, ఆమె ఔనన్న తరువాత ఆమె చేతి వేలితోనే ఆ భాగాన్ని తుడిపించాడట. మరొకచోట దాచుకున్న నకలు కూడా చూపించి తుడిపివేశాడు. నకలు ఉన్నదని ఆమెకు తెలియదు. చెప్పకపోతే తెలిసేదీ కాదు. తుడిపిన తరువాత ఆమె ఏమీ అనలేదని, రాత్రి అన్నానికి పిలిచిందని నివేదికలో ఉన్నది.

పాడ్‌కాస్ట్ పదమూడు నిమిషాల వద్ద ఆగింది. నిడివి తక్కువైనందుకు రెండు మార్కులు తగ్గాయి. టీచరు గారు నివేదిక చదివిన తరువాత కూడా ఆ మార్కులు తిరిగి ఇవ్వలేదు. నియమం నియమమే అన్నారట. మాకు ఆమె మీద గౌరవం పెరిగింది. ఆ రెండు మార్కులకు వెల ఉన్నప్పుడే కదా అతడు వదులుకున్నదానికి అర్థం!

అయినా ఒక ప్రశ్న మమ్మల్ని ఇంకా వదలలేదు. ఆ వరదలో స్త్రీలు, పిల్లలు ఏమి అనుభవించారో చెప్పే మాటలు ఎన్ని మిగిలాయి? జలాశయాల లోతు, వంతెనల పొడవు పుస్తకాల నిండా ఉన్నాయి. ఒక పదేళ్ల బాలిక జీవితాంతం మోసి, ఒక్క మనుమరాలికి మాత్రమే చెప్పుకున్న మాట ఇక లేదు. అమానతు గెలిచింది, నిజమే. చరిత్ర ఏమి పోగొట్టుకున్నదో అల్లాహ్‌కే ఎరుక. ఆ రెండింటినీ ఒకే త్రాసులో తూచగలిగిన జ్ఞానం మాకు లేదు.

మేము ఆ మూడు కాగితాలలో ఏడు అక్షరదోషాలు దిద్ది తిరిగి ఇచ్చాము. మిగిలినది అతని మాటల్లోనే ఉండనిచ్చాము.

బడిలో వినిపించిన తరువాత ఒక శుక్రవారం నాడు అతడు ఇంట్లో దాదీకి మొత్తం వినిపించాడు. ఫోనును ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు. మొదట్లో అతడు తన గొలుసు చెప్పుకున్నాడు: "నేను మా దాదీ నుండి విన్నాను. ఆమె తన నానీ నుండి విన్నది. ఆ నానీ కళ్లారా చూసింది." ఆమె చేయి ఎత్తి ఆపమన్నది. "నామ్ కహాఁ గయా, బేటా?" పేరేది అని అడిగింది. నా పేరు చెప్పావు, నీ పేరు చెప్పావు, చూసిన మనిషికి పేరు లేదా?

గొలుసులో పేరు లేని కడియ ఉంటే ఆ ఉల్లేఖకుని మేము 'ముబ్‌హమ్' అంటాము, ఉల్లేఖనం అక్కడ బలహీనపడుతుందంటాము. ఆ ప్రసంగాన్ని మేము రెండుసార్లు చదివాము, ఒకసారి విన్నాము. మా కంటికి ఆ లోపం ఆనలేదు.

బడికి ఇచ్చినది ఎలాగూ ఇచ్చివేశాడు. ఇంటికోసం ఉంచుకున్న ప్రతిలో మార్చడానికి ఇద్దరూ మళ్లీ రజాయి కప్పుకున్నారట. ఆ పేరు పాతకాలపు అరబీ పేరు; బాలుని నోట 'ఖ' సరిగా పలకలేదు. కంఠం నుండి రావాలని ఆమె మూడుసార్లు చెప్పించింది. మూడవసారికి వచ్చింది.

ఆ పేరును ఈ పత్రికలో వ్రాయడానికి ఆమె అనుమతి మేము ఇంకా అడగలేదు.